షామా ముస్తాబు చేసిన ఇల్లు

మొరాకో కొండల్లోని మా అజ్రూలో పెళ్ళి కుదరాలంటే ఇద్దరు కుదరాలి. ఒకరు పెళ్ళికొడుకు, రెండోవారు ఊరంతా గౌరవంగా లల్లా అని పిలిచే షామా. పెళ్ళికొడుకు విషయంలో కాస్త అటూ ఇటూ అయినా జనం సర్దుకుపోతారు గానీ, ఆ రోజు ఖాళీ లేదని షామా అన్నదంటే తేదీయే మార్చుకుంటారు. నలభై ఏళ్ళుగా ఆమె నెగాఫా. పెళ్ళికూతురికి కఫ్తాన్ అనే పొడుగు పట్టు అంగీ తొడిగేది, కిరీటం పెట్టేది, నలుగురిలో ఎప్పుడు తల దించాలో ఎప్పుడు ఎత్తాలో మోచేత్తో పొడిచి చెప్పేది ఆమే. వెండి పళ్ళేలు, టీ కూజాలు, జరీ దిండ్లు, ఎర్ర తివాచీలు అన్నీ ఆమెవే. అద్దెకిస్తుంది.

అయితే ఆమె అసలు పనితనం పెళ్ళినాడు కాదు, అంతకుముందు మగపెళ్ళివారు ఇల్లు చూడ్డానికి వచ్చే రోజున బయటపడుతుంది. నాలుగు గోడలూ ఒక చాపా తప్ప ఏమీ లేని కొంపలోకి పొద్దున్నే గాడిదబండి మీద సామాను దింపిస్తుంది. మధ్యాహ్నానికి అది కలవారి ఇల్లయి కూర్చుంటుంది. వచ్చినవాళ్ళకి అది అద్దె సామానని తెలియదా అంటే, భేషుగ్గా తెలుసు. వాళ్ళింట్లో చూపులకి సామాను ఇచ్చిందీ ఆవిడేగా! అయినా ఎవరూ పైకి అనరు. అతిథి ముందు లేమిని పరిచిపెట్టడం మా వైపు మర్యాద కాదు. దాన్ని అబద్ధమనే మూర్ఖుడు అజ్రూలో ఇంకా పుట్టలేదు.

అలాంటి షామాకి ఈ వేసవి నుంచి ముద్ద దిగడం లేదు. దిగకపోవడానికి కారణం పక్కింటి విదాద్.

విదాద్ తల్లి రఖియా. భర్త అడవిలో దేవదారు దుంగ మీదపడి పోయినప్పటినుంచి టాక్సీ స్టాండు దగ్గర పెనం పెట్టుకుని మడతరొట్టెలు అమ్ముతోంది. ఒకటే గది, పైన మిద్దె, ఒక్కగానొక్క కూతురు. ఆ పిల్లకి పదిహేనో ఏట ఊట పిచ్చి పట్టింది. పేట చివర కొండ కింద ఉన్న ఊట దగ్గరికి ప్రతి శుక్రవారం ఐదు లీటర్ల నూనెడబ్బా పట్టుకుపోయి, అది నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో నోటుబుక్కులో రాసుకునేది. మంచు పడినా సరే, జ్వరమొచ్చినా సరే. “శుక్రవారం పిల్ల వచ్చింది, జరగండర్రా” అని నీళ్ళకొచ్చిన ఆడవాళ్ళు నవ్వేవారు. నవ్వుతూనే దానితోపాటు ఒకటీ రెండూ అని లెక్కపెట్టేవారు. మొదటి ఏడాది పదకొండు సెకన్లకి నిండిన డబ్బా, మూడేళ్ళయ్యేసరికి పందొమ్మిది తీసుకుంటోంది. మంచు తక్కువ పడిన ఏడాది ఊట వెంటనే తగ్గదనీ, నాలుగు నెలలు ఆగి తగ్గుతుందనీ ఆ పిల్ల కనిపెట్టింది. మరి ఆ నాలుగు నెలలూ నీళ్ళు కొండలోపల ఏం చేస్తున్నట్టు? బడిలో ఎవరూ చెప్పలేకపోయారు. రాజధాని రబాత్‌లో నీళ్ళ చదువు చెప్పే కాలేజీ ఉందని ఎవరో అన్నారు. ఇక దాని ధ్యాసంతా అదే.

బడి ఆఖరి పరీక్ష మంచి మార్కులతో గట్టెక్కింది. దగ్గరి పట్నం మెక్నెస్‌లో ఒక విద్యాసంఘం బీదపిల్లలకి కాలేజీ అయ్యేదాకా విద్యావేతనం ఇస్తుంది. నీకే ఎందుకివ్వాలి అని దరఖాస్తు కాగితంలో అడిగితే, విదాద్ ఊట గురించి నాలుగు పేజీలు రాసి పంపింది. సంఘం వాళ్ళకి నచ్చింది. గురువారం సీ అల్లాల్ అనే పెద్దమనిషి ఇంటికొచ్చి చూసి మాట్లాడి వెళతాడని కబురొచ్చింది. ఆ వేతనం రాకపోతే రబాత్ లేదు. తల్లి పక్కన పెనమే.

కబురు వినగానే షామా బుధవారం పొద్దున్నే దిగిపోయింది.

“ఏమే రఖియా, పెద్దమనిషి వస్తుంటే ఇలా చేతులు ముడుచుకు కూర్చున్నావేం?”

“ఇల్లు కడుగుతా, టీ ఇస్తా, వేడి రొట్టె పెడతా. ఇంకేం చెయ్యమంటావు లల్లా?”

“అయ్యో నీ తెలివి తెల్లారా! మెక్నెస్ నించి వచ్చేవాణ్ణి ఈ చింకిచాప మీద కూర్చోబెడతావా? రేపొద్దున ఆ పిల్ల మొహం చూసేవాళ్ళు ఉండక్కర్లా? నువ్వు పొయ్యి దగ్గర ఉండు. మిగతాది నాకొదిలెయ్.”

“వద్దులే లల్లా, అద్దె...”

“అద్దెంటే నోరు పగలగొడతా. దాని బొడ్డు కోసినప్పుడు నేను లేనా అక్కడ?”

పెద్దావిడ ప్రేమగా చేస్తానంటే కాదనడం రఖియాకి చేతకాదు. మధ్యాహ్నం ఆమె రొట్టెలకి వెళ్ళిపోయింది. విదాద్ బడికి ఏదో కాగితం మీద ముద్ర వేయించుకోవడానికి వెళ్ళింది. షామా కొంగు బిగించి ఇల్లు ఖాళీ చేయడం మొదలుపెట్టింది. విరిగిన చదువుబల్ల మిద్దె మీదికి పోయింది. దాని కింద సీసాలు, తాడు, చిల్లుపడ్డ డబ్బా, తడికి ఉబ్బి అట్టలు ఊడిన నోటుబుక్కులు కనిపించాయి. షామాకి చదువు రాదు. చెత్త ఎలా ఉంటుందో మాత్రం ఆమెకి నలభై ఏళ్ళ అనుభవం. అంతా గోనెసంచిలో కుక్కింది. అదే సమయానికి సందులో హమ్మామ్ అనే ఊరుమ్మడి స్నానశాల పొయ్యివాడి బండి వెళుతుంటే, “ఒరే, కాల్చుకోడానికి ఏమైనా కావాలా?” అని పిలిచి సంచి చేతికిచ్చింది.

సాయంత్రం విదాద్ వచ్చి గది చూసి గుమ్మంలోనే నిలబడిపోయింది. ఎర్ర తివాచీ, గోడవార జరీ దిండ్లు, మధ్యలో మూడు వెండి పళ్ళేలు. షామా మెచ్చుకోలు కోసం ఎదురుచూసింది.

“ఖాల్తీ, నా బుక్కులేవి?” అంది ఆ పిల్ల. షామాని పిన్ని వరసన అలానే పిలుస్తుంది.

“ఏ బుక్కులు?”

“బల్ల కింద ఉండేవి. ఊటవి.”

షామాకి గోనెసంచి గుర్తొచ్చింది. ఆ క్షణంలో నిజం చెప్పి పరుగెత్తి ఉంటే పొయ్యివాడి దగ్గర ఒకటో అరో దక్కేవేమో! కానీ ఏం చేసింది? “ఎక్కడో పైన సర్దానే, రేపటి గొడవ అయ్యాక వెతుకుదాంలే” అంది. ఇన్నేళ్ళూ ఇళ్ళు కప్పిన చెయ్యి తన తప్పునీ అలానే కప్పేసింది. విదాద్ ఆమె మొహంకేసి కాసేపు చూసి, సరే అని తల ఊపింది.

గురువారం సీ అల్లాల్ వచ్చాడు. సన్నగా, కళ్ళద్దాలతో, చంకలో సంచితో బడిపంతులులా ఉన్నాడు. విదాద్‌కి షామా ఆకుపచ్చ కఫ్తాన్ తొడిగి, నడుముకి జరీ పట్టీ కట్టి దిండుకి ఆనించి కూర్చోబెట్టింది. ఆ పట్టీ ఎంత బిగుతంటే పిల్ల ఊపిరి సగమే పీలుస్తోంది. టీ పోసింది షామా, బాదం పలుకులు అందించింది షామా, మాట్లాడిందీ షామాయే.

“అమ్మాయీ, నువ్వెందుకు చదవాలనుకుంటున్నావు?” అని అడిగాడాయన.

విదాద్ నోరు తెరిచింది. షామా మోచేత్తో పొడిచి తనే అందుకుంది. “మా పిల్ల నోట్లో నాలుక లేనిదండీ. దానికంటూ ఏ కోరికా లేదు. పెద్దలేది చెబితే అదే.”

“కాగితంలో ఏవో లెక్కల నోటుబుక్కులని రాసింది. చూడొచ్చా?”

తల్లి కూతురికేసి చూసింది. కూతురు షామాకేసి చూసింది. షామా గాజులు గలగలలాడించి నవ్వింది. “అబ్బే, అవేమున్నాయండీ, చిన్నప్పటి ఆటలు! ఇంకో గ్లాసు పుచ్చుకోండి.”

ఆయన మూడు గ్లాసులు తాగి, దీవించి వెళ్ళిపోయాడు. షామా గుమ్మం దాకా సాగనంపి వచ్చి, “చూశావా, ఎంత సంతోషించాడో! కుదిరిపోయినట్టే” అంది. కుదిరిపోవడమేమిటో అప్పుడు ఎవరూ అడగలేదు.

పన్నెండు రోజులకి ఉత్తరం వచ్చింది. షామా రొట్టెలు కొనడానికి వెళితే రఖియా కళ్ళు తుడుచుకుంటోంది. విదాద్ పక్కన పిండి పిసుకుతోంది. విషయం అర్థమయ్యీ అవనట్టు షామా ఉత్తరం లాక్కుని మళ్ళీ ఆ పిల్లకే ఇచ్చింది.

“ఏమన్నాడే ఆ పెద్దమనిషి? చదువు.”

“ఎందుకులే ఖాల్తీ.”

“చదవమంటున్నానా!”

విదాద్ పిండిచేతుల్తోనే కాగితం పట్టుకుని, కూరల జాబితా చదివినట్టు చదివింది. “కుటుంబం స్థితిమంతంగా ఉన్నది. విద్యార్థినిలో చదువు పట్ల ప్రత్యేకమైన ఆసక్తి ఏదీ కనిపించలేదు. కావున ఇవ్వడానికి వీలుపడదు. అభ్యంతరముంటే పది రోజుల్లో తెలియజేయవచ్చును.”

షామాకి తల కొట్టేసినట్టయింది. తిట్టినా బాగుండేది. రఖియా తిట్టలేదు. “రాసిపెట్టి లేదు లల్లా. నువ్వు మాత్రం ఏం చేస్తావు? నీ మంచితనం మర్చిపోను” అంది. ఆ మాట షామాకి చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది. ఇంటికొచ్చి పళ్ళేలు తోమడానికి కూర్చుంది. తోమలేకపోయింది. ఆ పిల్ల మూడేళ్ళు ఊట దగ్గర నిలబడి సంపాదించుకున్నదాన్ని తను ఒక్క పూటలో రెండువైపుల నించీ ఊడ్చేసింది. లేని కలిమి పెట్టింది, ఉన్న కోరికని తీసేసింది. పైగా బుక్కులు కాల్చిన సంగతి ఇంకా కడుపులోనే ఉంది.

మర్నాడు ఎవరికీ చెప్పకుండా షామా మెక్నెస్ టాక్సీ ఎక్కింది.

సంఘం ఆఫీసులో సీ అల్లాల్ ఆమెని గుర్తుపట్టాడు. “రండి రండి. అమ్మాయి మేనత్తగారు కదూ?”

“కాదండీ. అద్దె సామాను దాన్ని.”

ఆయనకి అర్థం కాలేదు. షామా కూర్చోకుండానే గడగడా చెప్పేసింది. తివాచీ నాది, పళ్ళేలు నావి, కఫ్తాన్ నాది, ఆ ఇంట్లో వాళ్ళకంటూ ఉన్నది ఒక పెనం, ఒక చాప. వింటున్నకొద్దీ ఆయన మొహం ముడుచుకుపోయింది.

“ఇంటి సంగతి సరే లల్లా. పిల్లకి ఏ కోరికా లేదన్నదీ మీరేగా?”

“పెళ్ళిచూపుల్లో అలానే అంటామండీ. ఏ కోరికా లేని పిల్ల అంటే అత్తవారికి ఇష్టం. నలభై ఏళ్ళుగా అదే మాట, నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.”

నవ్వుతాడనుకుంది. ఆయన నవ్వలేదు. “మేము అడిగేది అదొక్కటేనమ్మా. బీదరికం ఈ దేశంలో ఎక్కడ చూసినా ఉంది. నా దగ్గర పది వేతనాలున్నాయి, మూడొందల కాగితాలొచ్చాయి. చదువు కోసం ఎవరు తపించిపోతున్నారో చూసి ఇవ్వాలి. ఆ నాలుగు పేజీలు చదివి ఎంతో ఆశగా వచ్చాను. మరెవరిచేతో రాయించుకుందని అనుకుని వెనక్కెళ్ళాను.”

షామా ఆ పిల్లని దొంగని కూడా చేసిందన్నమాట.

“మీ నోటిమాట మీద మార్చడం కుదరదు. తల్లి ఒప్పుకుంటే మళ్ళీ వచ్చి చూస్తాను. ఫోను చేసి అడుగుతాను” అన్నాడాయన.

ఇక్కడే ఇంకో ఘోరం జరిగింది. రఖియా చేతులు రోజంతా పిండిలో ఉంటాయి. అందుకని ఫోనుని పెనం పక్కన నిలబెట్టి, అందరికీ వినపడేలా పెట్టి మాట్లాడుతుంది. మధ్యాహ్నం వేళ, రొట్టెల కోసం డ్రైవర్లంతా చుట్టూ మూగి ఉండగా ఆ ఫోను వచ్చింది. ‘మీ ఇంట్లో సామాను మీది కాదట, చాపా పెనమూ తప్ప ఏమీ లేవట, మీ పక్కింటావిడ వచ్చి చెప్పారు’ అని పెద్దమనిషి మర్యాదగానే అన్నాడు. స్టాండంతా విన్నది.

సాయంత్రం షామా అక్కడే టాక్సీ దిగింది. రఖియా పెనం మీంచి తల ఎత్తలేదు.

“రఖియా, మళ్ళీ వస్తానన్నాడే...”

“విన్నా. నేనే కాదు, అజ్రూ మొత్తం విన్నది.”

“పిల్ల కోసం...”

“పిల్ల కోసం రమ్మనే చెప్పా. నా మొగుడు పోయినప్పుడు కూడా ఎవరింటికీ వెళ్ళి నాకు లేదని అనలేదు నేను. నా ఇంటికొచ్చి నా రొట్టె తిన్న అతిథికి నా చాప లెక్క చెప్పొచ్చావా? సోమవారం ఆయన్ని స్టాండు నించి గుమ్మం దాకా తీసుకురా, దారి తెలీదన్నాడు. గుమ్మం లోపలికి మాత్రం రాకు.”

చుట్టూ డ్రైవర్లు టైర్లకేసి చూస్తూ నిలబడ్డారు.

సోమవారం ఆయన్ని తీసుకొచ్చింది. తెర పక్కకి జరిపి ఆయన్ని లోపలికి పంపి తను సందులో గోడకి ఆనుకుని నిలబడింది. లోపల తివాచీ లేదు, ఒక్కదానికొకటి పొంతన లేని గ్లాసులు. విదాద్ గొంతు వినిపించింది. మంచు గురించి, కొండ గురించి, నాలుగు నెలల గురించి ఆ పిల్ల మాట్లాడుతూనే ఉంది. మాటకి మాట తొక్కుకుంటూ, మధ్యలో తనే ఎదురు ప్రశ్న వేసుకుని తనే జవాబు వెతుక్కుంటూ. పుట్టినప్పటినించీ ఎరిగిన పిల్లే, ఇంత మాట్లాడగలదని షామాకి తెలియదు. ఎప్పుడూ తనే మాట్లాడితే ఎలా తెలుస్తుంది?

“అయితే ఆ నోటుబుక్కులు చూపించమ్మా” అన్నాడు సీ అల్లాల్.

విదాద్ గ్లాసు కింద పెట్టిన చప్పుడయింది.

“పోయాయండీ. నేనే ఎక్కడో పోగొట్టాను.”

“మూడేళ్ళ పనిని పోగొట్టుకున్నావా?” ఆయన గొంతు మారిపోయింది. కాగితాల చప్పుడయింది.

షామా ఇక నిలబడలేకపోయింది. రావద్దన్న గుమ్మం దాటి లోపలికి వెళ్ళింది. “ఆ పిల్ల అబద్ధం చెబుతోందండీ. అది పోగొట్టలేదు. నేను కాల్చాను. ఈ చేతుల్తో గోనెలో కుక్కి హమ్మామ్ పొయ్యివాడికి ఇచ్చాను. అదే రోజు అడిగితే పైన సర్దానని బొంకాను. దాన్ని ఏమీ అనకండి.”

రఖియా చేతిలోని టీ కూజా అలానే ఆగిపోయింది. ఈ సంగతి ఆమెకి తెలియదు.

“నాకు తెలుసు ఖాల్తీ” అంది విదాద్. “మర్నాడే పొయ్యి దగ్గరికెళ్ళి అడిగా.”

“మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు తల్లీ?” అన్నాడాయన.

“ఆవిడ నా మంచికే చేసింది. అతిథి ముందు ఎలా అనమంటారు?”

సీ అల్లాల్ కళ్ళద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు. తర్వాత లేచి, “ఊట ఎక్కడుందో చూపించు” అన్నాడు.

అందరూ వెళ్ళారు. షామా పది అడుగులు వెనక. ఊట దగ్గర ఆడవాళ్ళు డబ్బా చూడగానే మొదలెట్టారు. “ఏమే, ఇవాళ శుక్రవారమా? క్యాలెండరు మారిందా?” విదాద్ సిగ్గుపడుతూ డబ్బా ధార కింద పెట్టింది. ఎవరూ అడక్కుండానే ఆడవాళ్ళంతా ఒకటీ రెండూ అని అందుకున్నారు. ఇరవై దగ్గర నిండింది.

“పోయినేడు ఇదే రోజుల్లో పదహారు ఉండేదండీ,” అంది ఒక ముసలామె, ఆయన ఎవరో కూడా తెలుసుకోకుండా. “ఈ పిల్ల మా చేత నిద్రలో కూడా లెక్కపెట్టిస్తోంది. మొన్న జనవరిలో మంచులో వస్తే నేనే తిట్టి ఇంటికి పంపా. వెళ్ళిందనుకున్నారా? నేనెళ్ళాక మళ్ళీ వచ్చిందట!”

సీ అల్లాల్ అక్కడే రాతిమీద కూర్చుని రాసుకున్నాడు.

వారానికి రెండో ఉత్తరం వచ్చింది. వేతనం ఇచ్చారు. సెప్టెంబరులో విదాద్ రబాత్ వెళ్ళిపోయింది. వెళ్ళేముందు వచ్చి షామా రెండు బుగ్గలూ ముద్దుపెట్టుకుంది. బుక్కుల ఊసే ఎత్తలేదు. పోయిన మూడేళ్ళ అంకెలు మాత్రం పోయినట్టే. రబాత్‌లో మేష్టర్లు అడిగితే ఆ పిల్ల ఏం చూపిస్తుంది? షామా ఆ ప్రశ్నతో లేస్తుంది, ఆ ప్రశ్నతో పడుకుంటుంది. పేటలో జనం కనిపించినప్పుడల్లా, “నీ పుణ్యాన పిల్ల గట్టెక్కింది లల్లా, ముసలితనంలో మెక్నెస్ దాకా వెళ్ళావు!” అని పొగుడుతారు. ఆ పొగడ్తకి ఎక్కడ తల పెట్టుకోవాలో ఆమెకి తెలియదు.

అక్టోబరులో ఒక పొద్దున్న స్టాండుకి వెళ్ళి రఖియా పెనం ముందు నిలబడింది. రఖియా అందరికీ ఇచ్చినట్టే ఆమెకీ రొట్టె కాగితంలో చుట్టి ఇచ్చింది.

“రఖియా, నన్ను తిట్టెయ్యవే. నాలుగు కేకలెయ్యి. నీ మౌనం నేను మొయ్యలేను.”

“బుక్కులు కాల్చినందుకు అది నిన్ను క్షమించింది. ఆ సంగతి దానిది. నా సంగతి అడుగుతున్నావా?” రఖియా అప్పుడు తల ఎత్తింది. “నా ఇల్లు కప్పినప్పుడూ నన్నడగలేదు, విప్పినప్పుడూ నన్నడగలేదు నువ్వు. అది నా ఇల్లు లల్లా.”

అజ్రూలో షామా కాలు పెట్టని ఇల్లు లేదు. ఏ ఇంటి గుమ్మం దగ్గరా ఆగి అడిగిన గుర్తు ఆమెకి లేదు.

“సాయంత్రం మీ ఇంటికి రానా రఖియా?” అంది మెల్లిగా. “టీకి. ఉత్త చేతుల్తో.”

రఖియా రొట్టె తిప్పింది. రెండోవైపు కాలిందాకా చూసింది.

“ఇవాళ వద్దు,” అంది. “రేపు అడుగు.”

మర్నాడు షామా వెళ్ళి మళ్ళీ అడిగింది.